కిటికీ వైపు వరస

రక్తం తీసే హాలు పక్కన, బట్టలు మార్చుకునే గది నుంచి

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు మాట మారుస్తావు. "తిన్నావా, ఒంట్లో బాగుందా" అని మొదలెట్టి "సరే, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే రాయి. ఆఫీసు మెయిలు వద్దు. దాన్ని ఎంతమంది చదువుతారో నాకంటే నీకే బాగా తెలుసు.

వచ్చే నెల తనిఖీ వాళ్లు వస్తున్నారు. మొన్న అయిపోయిన మైగ్రేన్ మాత్ర పరీక్షలో, ప్రతి గొట్టం మీద అచ్చువేసిన సమయానికే రక్తం తీశామని మా ఇన్‌ఛార్జి అందరి చేతా సంతకాలు పెట్టిస్తోంది. అందరూ పెట్టారు. నేను పెట్టలేదు. అది అబద్ధం. ఆ రక్తం తీసింది నేను.

నువ్వు ఆ లెక్కలన్నీ వేస్తావు గానీ మా హాలు ఎప్పుడూ చూడలేదు. చెప్తా విను. పరీక్షకి ఒప్పుకుని వచ్చినవాళ్లు పడుకోవడానికి రెండు వరసల మంచాలు. తలుపు వైపు పడుకునేవాళ్లకి బజార్లో ఎప్పట్నుంచో ఉన్న వేరే కంపెనీ పాత మాత్ర, కిటికీ వైపు వాళ్లకి మన కొత్త మాత్ర. రెండో విడతలో మనుషులు వరస మారతారు, మాత్రలు మారవు. ఎప్పుడో ఎవరికి ఏ మాత్ర ఇచ్చారో కలగాపులగమై పరీక్ష మొత్తం పారేశారట. అప్పట్నుంచి ఇన్‌ఛార్జి పెట్టిన పద్ధతి ఇది. మంచి బుద్ధితోనే పెట్టింది, కాదనను.

మాత్రలిచ్చేటప్పుడు ఇద్దరం ఉంటాం. రెండు వరసలకీ ఒకేసారి ఇచ్చేస్తాం. రక్తం తీసేటప్పుడు మాత్రం నేనొక్కదాన్నే. రెండో అమ్మాయి గొట్టాలు ఐసులో పెట్టుకుని కింది ల్యాబుకి పరిగెత్తాలి. తలుపు దగ్గర మొదలుపెట్టి ఆ వరస దాటేసరికే సగం వేళ అయిపోతుంది. మొదట్లో పావుగంటకోసారి తియ్యాలి కదా, కిటికీ చివరి మంచం దగ్గర సూది బయటికి తీసేసరికి తలుపు దగ్గర తర్వాతి గొట్టానికి టైమైపోతుంది. ఆ చివరి మంచం మీద ఇళ్లకు రంగులేసే ఆయన ఒకడు పడుకునేవాడు. "అమ్మాయ్, నీ సూది వచ్చేసరికి మందు నా ఒంట్లో కాపురం పెట్టేసింది, ఇంకేం తీస్తావు" అనేవాడు. గొట్టం మీద చూస్తే తలుపు వైపు వాడికీ ఆయనకీ ఒకటే టైము. ముందే అచ్చువేసి ఉంటుంది. గడియారం చూసి రాయడానికి జాగా కూడా ఉండదు.

నాకు తోచింది చెప్తాను. కొత్త మాత్ర తాలూకు రక్తం ఎప్పుడూ ఆలస్యంగా తీస్తున్నాం కాబట్టి, పాపం అది నిదానంగా పనిచేస్తున్నట్టు నీ లెక్కలో పడుతుంది. మన మాత్రకి మనమే అన్యాయం చేసుకుంటున్నాం. అవునా కాదా?

సంతకం పెట్టనా అని అడగట్లేదు. పెట్టను. నీ లెక్క ఏమవుతుందో అది చెప్పు.

నీ చెల్లి


లెక్కల విభాగం, జెరాక్సు మిషను పక్క బల్ల

గండుచీమా,

కాగితం మీద రాయమన్నావు, రాస్తున్నాను. చదివి చించెయ్.

ముందు నీ తప్పు చెప్పనీ. నువ్వు దాన్ని తలకిందులుగా పట్టుకున్నావు. మాత్ర మింగాక మందు రక్తంలోకి ఎక్కుతూ పోతుంది. ఒక దగ్గర అన్నిటికన్నా పైమెట్టు మీద నిలబడి, అక్కణ్నుంచి దిగుతుంది. త్వరగానా నిదానంగానా అంటే, ఆ పైమెట్టు ఎప్పుడెక్కిందన్నదే మేం చూసేది. ఎక్కుతున్న మందుని నువ్వు ఆలస్యంగా చూస్తే ఏం కనిపిస్తుంది? ఎక్కువ మందు కనిపిస్తుంది. దాని మీద ముందటి టైము అంటిస్తే? ఇంత తొందరగా ఇంత ఎక్కిందా అనిపిస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి, పది నిమిషాలకి చూసి, అయిదు నిమిషాలకే చూశానని చెప్పుకో. పొయ్యి భలే మండుతోందే అంటారు. కాబట్టి నీ ఆలస్యం కొత్త మాత్రకి అన్యాయం చెయ్యలేదు. వెనకనుంచి తోసింది.

ఇంకో మాట. ఈ సమయాలకి మేం సగటు కట్టం. వానెప్పుడు మొదలైందో కిటికీ తెరిచి చూసినవాడికే తెలుస్తుంది, అదీ తెరిచిన వేళల్లోనే. అలాగే పైమెట్టు కూడా నువ్వు సూది గుచ్చిన గడుల్లోనే దొరుకుతుంది, నడుమ దొరకదు. గడులకి సగటు కడితే ఎవరికీ చెందని సంఖ్య వస్తుంది. అందుకని మనుషుల్ని ముందూ వెనకా వరసగా నిలబెట్టి నడిమి మనిషి సమయం చూస్తాం. మధ్యగతం అని నువ్వూ బళ్లో చదివే ఉంటావు. ఒక్కో మనిషికి రెండు మాత్రలకీ తేడా ఎంతో కూడా చూస్తాం.

ఈసారి కొత్త మాత్ర నడిమి మనిషి ఒక గడి ముందే వచ్చాడు. మా డైరెక్టరు ఆ ఒక్క గడి చూసి ఉబ్బిపోయాడు. డబ్బా మీద "మరింత త్వరగా" అని అచ్చు వేయిస్తానంటున్నాడు. ఆ గడి ఎక్కణ్నుంచి ఊడిపడిందో నాకు అంతుపట్టలేదు. నీ ఉత్తరం చదివాక పట్టింది. ఇంతకన్నా రాయను.

మీ వదిన బాగానే ఉంది. పొడుగు రూటు బస్సు ఇచ్చారు. నొప్పి మొన్న ఒకసారి వచ్చింది.

సంతకం సంగతిలో తొందరపడకు. నేను ఆలోచిస్తున్నాను.

అన్నయ్య


అదే గది నుంచి, తలుపు గడియ వేసుకుని

అన్నయ్యా,

చావుకబురు చల్లగా చెప్పడం నీ దగ్గరే నేర్చుకోవాలి. పాలూ పొయ్యీ, వానా కిటికీ, అంతా అయ్యాక చివర్లో ఒక్క ముక్క, "నొప్పి మొన్న ఒకసారి వచ్చింది". వదిన నడిపేది బస్సు. కూరగాయల బండి కాదు. ఆ నొప్పి వచ్చేముందు ఆవిడకి ఒక కంటి పక్కన వంకరటింకరగా మెరుస్తుంది, ఆ తర్వాత రోడ్డు సగం కనపడదు. మెరుపు కనపడగానే మాత్ర వేసుకుని వచ్చే స్టాపులో బండి ఆపేస్తుంది. ఇన్నేళ్లూ పాత మాత్ర ఎంతసేపటికి పనిచేస్తుందో ఒంటికి తెలుసు కాబట్టి నెట్టుకొచ్చింది. రేపు డబ్బా మీద "మరింత త్వరగా" అని చదివి, ఇంకో స్టాపు లాగుదాంలే అనుకుంటే? వెనకాల ఎంతమంది నిలబడి ఉంటారో ఆవిణ్ణే అడుగు. పక్క బల్ల మీద జెరాక్సు మిషను ఉంది కదా, ఆ లెక్క నాకొక కాపీ పంపు.

అంటే ఏమిటి? కొత్తది నిదానమైన మాత్ర, నా ఆలస్యం దాన్ని గుర్రం ఎక్కించింది. అంతే కదా. ఆలస్యం అమృతం విషం అంటారు, ఇక్కడ విషం మా వంతు, అమృతం మీ డైరెక్టరు వంతు.

ఇన్‌ఛార్జి దగ్గరకెళ్లి మంచిగానే చెప్పాను. మొహం మాడ్చుకుంది.

"పావుగంట అటూ ఇటూ అయితే కొంపలు మునుగుతాయా?"

"మునిగేవి మనవి కాదు మేడం."

"అందరూ పెట్టారు. నీ ఒక్కదానికే వచ్చిందా నీతి? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద మీరు. కత్తిపీట నేనే, ఒప్పుకుంటున్నా. దురద పుట్టేది కోసేవాళ్లకే."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. పోయినేడు నాకు జ్వరమొస్తే తన టిఫిన్ డబ్బా నాకు పెట్టేసింది. ఆవిడ పెట్టిన పద్ధతి తప్పని ఎవరన్నా అంటే పదేళ్ల పని తప్పన్నట్టు వినపడుతుంది, అదీ ఆవిడ బాధ. నాకు జాలి ఉంది. సంతకం లేదు.

నువ్వు ఆలోచిస్తున్నానన్నావు. ఎంతసేపు ఆలోచిస్తావు? దానికీ పావుగంట గడులున్నాయా?

చెల్లి


లెక్కల విభాగం

ప్రియమైన చెల్లెలికి,

నీవు క్షేమమని తలుస్తాను. పరీక్షకు సంబంధించి నీవు వ్యక్తం చేసిన సందేహాలను మేము పరిశీలించాము. నిర్ణీత సమయానికీ వాస్తవ సమయానికీ మధ్య స్వల్ప వ్యత్యాసాలు ఇటువంటి పరీక్షల్లో సహజం. మందు మొత్తం ఎంత చేరింది, ఎంత ఎత్తుకు చేరింది అన్న ముఖ్య ఫలితాలు రెండు మాత్రలకూ హద్దుల్లోనే ఉన్నాయి. సమయం అన్నది అనుబంధ ఫలితం మాత్రమే. కావున ఇన్‌ఛార్జి గారితో సహకరించి సంతకం చేయడం అందరికీ శ్రేయస్కరం.

ఇట్లు,
నీ అన్నయ్య


(అదే కవరులో, బస్సు డ్యూటీ చీటీ వెనకవైపు)

అమ్మాయ్,

కవరు అంటించమని నాకిచ్చాడు. నేను అంటించేముందు చదివాను. చదివితే మీ అన్న కనపడలేదు, ఎవరో టై కట్టుకున్నాయన కనపడ్డాడు.

మొన్న వాళ్ల డైరెక్టరు ఇంటికొచ్చాడు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి సోఫాలో కూచుని ఉన్నాడు. "మీ చెల్లెలికి ఒక్క మాట చెప్పండి, లేకపోతే అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి ఇంట్లో కూచుని లెక్కలేసుకోవచ్చు" అంటున్నాడు, నవ్వుతూ. మీ అన్నకి ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆ రాత్రి అన్నం ముందు కూచుని లేచిపోయాడు. అబద్ధం రాయడం రాదు ఆయనకి, అందుకే అంత గ్రాంథికంగా రాశాడు. నువ్వు పట్టేస్తావని తెలిసే రాశాడేమో కూడా.

నా సంగతి నేను చెప్తాను, ఎవరి చేతా చెప్పించను. మాత్ర తొందరగా పనిచేస్తే నాకు సంతోషం. నిదానమైతే ముందే వేసుకుంటా. నాకు కావలసింది ఏదో ఒకటి తెలియడం. తెలియనిదాన్ని జేబులో పెట్టుకుని స్టీరింగు పట్టుకోలేను.

నా కోసం ఉద్యోగం పోగొట్టుకోమని అడగను. కానీ సంతకం పెట్టడానికి మాత్రం నన్ను వంక చేసుకోనివ్వకు, ఎవర్నీ.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈ నెలకి మాత్రం పూర్తి మొగుడికంటే నువ్వే నయం.

వదిన


ఇంటి మెట్ల మీద నుంచి. గది తాళం ఇన్‌ఛార్జికి ఇచ్చేశాను

అన్నయ్యా,

నీ "శ్రేయస్కరం" అందింది. నాలుగు మడతలు పెట్టి కుర్చీ కాలు కింద పెట్టాను, ఇప్పుడు ఊగట్లేదు. మొత్తానికి ఒక పనికొచ్చింది.

తనిఖీ అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

వచ్చింది ఒకావిడ. పొట్టిగా ఉంది, చేతిలో సంచి, ఎవరితోనూ నవ్వలేదు. మీ డైరెక్టరు దగ్గరుండి అన్నీ చూపించాడు, ఫ్రిజ్‌లు, అలమారలు, మెరిసే నేల. సంతకాల కాగితం చూసి ఆవిడ అడిగింది, "ఇక్కడొక గడి ఖాళీగా ఉంది. ఈ అమ్మాయి సెలవులో ఉందా?"

"కాస్త మొండిపిల్లండి" అన్నాడు డైరెక్టరు.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. "సెలవులో లేను. నేనే" అన్నాను.

"ఎందుకు పెట్టలేదు?"

చెప్పడం మొదలెట్టాను గానీ నాకు కోపమొస్తే మాట ముద్దయిపోతుంది, నీకు తెలుసుగా. రెండు ముక్కలు చెప్పి ఆపేశాను. "మాటలెందుకు, మీ చేతి గడియారం చూస్తూ నాతో నడవండి" అన్నాను. ఆవిడ సంచి బల్ల మీద పెట్టేసింది.

మంచాలు ఖాళీ. వాచ్‌మన్, వంటాయన, ల్యాబు పిల్లలు, ఎవరు దొరికితే వాళ్లని పడుకోమన్నాను. మనుషులు చాలకపోతే ఇన్‌ఛార్జి తనంతట తానే వచ్చి కిటికీ చివరి మంచం మీద పడుకుంది. ఎందుకు పడుకుందో నాకిప్పటికీ తెలీదు. సూదులు లేవు, మిగతాదంతా మామూలే. పట్టీ కట్టడం, నరం వెతకడం, తుడవడం, గొట్టం నింపినంతసేపు ఆగడం, అంటించడం, తర్వాతి మంచం. నేను నాటకం ఆడలేదు. ఎంత వేగంగా చేస్తానో అంత వేగంగానూ చేశాను. వంటాయన "నా నరం దొరికిందా తల్లీ" అని అడుగుతూనే ఉన్నాడు.

చివరి మంచం దగ్గరకి వచ్చేసరికి ఆవిడ గడియారం నాకు చూపించలేదు. డైరెక్టరుకి చూపించింది.

"ఈ అమ్మాయి నెమ్మదండి" అన్నాడు.

"అయితే మీరు గుచ్చండి సార్" అన్నాను.

ఆవిడ అద్దాల పైనుంచి ఆయన్ని చూసి, "గుచ్చుతారా?" అని అడిగింది, నిజంగానే అడిగినట్టు. ఇన్‌ఛార్జి మంచం మీద పడుకునే కళ్లు మూసుకుంది.

ఆవిడ వెళ్లిన సాయంత్రమే నన్ను రావద్దన్నారు. క్రమశిక్షణ లేదట. ఉంది, వాళ్లది కాదు.

ఇప్పుడు నీ వంతు. రిపోర్టు ఇంకా నీ బల్ల మీదే ఉందని వదిన చెప్పింది. ఆ తప్పు టైముల్ని సరిచేసే లెక్క ఏదైనా ఉందా? ఉంటే వెయ్యి. కొత్త మాత్ర నిదానమైనదని తేల్చెయ్.

చెల్లి


కొత్త బల్ల నుంచి. జెరాక్సు మిషను ఇక్కడిదాకా వినపడదు

గండుచీమా,

లేదు. అలాంటి లెక్క లేదు.

నా పక్క సీటు కుర్రాడు ఒక ఉపాయం చెప్పాడు. కిటికీ వరసకి ఒక్కో మంచానికి ఇన్ని నిమిషాలని ఆలస్యం కలుపుకుంటూ పోదాం, మీ చెల్లి నడిచి చూపించింది కదా అన్నాడు. చేసి చూశాను. నువ్వు కోరుకున్నట్టే మాత్ర వెనక్కి జరిగింది. కాస్త ఎక్కువ కలిపితే ఇంకా వెనక్కి, తక్కువ కలిపితే పాతదానితో సమానం. అప్పుడే తీసేశాను. ఆ రోజు నువ్వు ఏ నరం దగ్గర ఎంతసేపు ఆగావో నీకే తెలీదు. డైరెక్టరుది ఆయనకి నచ్చిన అబద్ధం, ఇది మనకి నచ్చిన అబద్ధం. నువ్వూ తొందరపడ్డావు, మాత్ర నిదానమైనదని నీకెవరూ చెప్పలేదు. మనకున్నది "తెలియదు" ఒక్కటే.

అదే రాశాను. "మందు ఎంత చేరిందన్నది పోల్చవచ్చు. ఎప్పుడు చేరిందన్నది ఈ పరీక్షతో పోల్చడానికి వీల్లేదు, రెండు వరసల రక్తం వేర్వేరు వేళల్లో తీశారు, ఆ వేళలు రాసుకోలేదు. త్వరగా ఉపశమనం కావలసిన మందు కాబట్టి సమయాన్ని అనుబంధమని పక్కన పెట్టలేం." కింద నా పేరు.

డైరెక్టరు ఆ పేరా తీసెయ్యమన్నాడు. "పేరా తీస్తే పేరు కూడా తీస్తాను, సంతకం లేని రిపోర్టు మీరు పంపుకోండి" అన్నాను. తనిఖీ ఆవిడ కూడా అదే రాసిందట. సమయం కోసం పరీక్ష మళ్లీ చెయ్యాలి. వరసకొకరు రక్తం తీస్తారు, గొట్టం మీద గడియారం చూసి రాస్తారు, మంచాలు చీట్లు తీసి ఇస్తారు. ఆ పద్ధతి రాసి ఇచ్చింది మీ ఇన్‌ఛార్జి.

నన్ను మెట్ల కింద బల్లకి మార్చారు. గాలి రాదు. అరవడానికి ఎవరూ రారు కాబట్టి హాయిగా ఉంది.

మీ వదిన అన్నట్టు, ఆ టై కట్టుకున్నాయన రాసిన ఉత్తరాన్ని కుర్చీ కిందే ఉండనీ.

అన్నయ్య


మెట్ల కింద నుంచి

గండుచీమా,

రెండో పరీక్ష లెక్క నేనే వేశాను. నేను తప్ప ఇంకెవరు వేసినా తనిఖీ ఆవిడ నమ్మనందట.

నడిమి మనుషులిద్దరూ ఒకే గడిలో నిలబడ్డారు. మనిషి మనిషికీ తేడాలు చూశాను, ఎటూ ఒరగలేదు. బాగా ఆలస్యమైన వాళ్లు కూడా రెండు వైపులా ఒకేలా ఉన్నారు. కొత్తది పాతదానికన్నా త్వరగా పనిచెయ్యదు. నిదానమూ కాదు. సమానం. డబ్బా మీద ఆ రెండు మాటలూ కొట్టేశారు.

డైరెక్టరు మెట్లు దిగి వచ్చి మరీ చెప్పాడు. "మీ చెల్లెలికి చెప్పండి, మందు భేషుగ్గా ఉంది. అంత గొడవ చేసి ఏం సాధించింది, ఉద్యోగం పోగొట్టుకోవడం తప్ప?"

నీకు రాస్తానన్నాను.

అన్నయ్య


రక్తదానం బండి, డ్రైవరు వెనక సీటు

అన్నయ్యా,

నువ్వు అనకపోతే పోయావు, నేనంటాను, ఆయనకి చదివి వినిపించు.

ఏం సాధించానని అడిగాడా? మందు చెడ్డదైతే నేను గెలిచినట్టూ, మంచిదైతే ఆయన గెలిచినట్టూ అనుకుంటున్నాడు. నేను పందెం కాయలేదు. నిదానమైనదని నోరు జారాను, నువ్వు కాదన్నావు, లెక్కా కాదంది. సరే, కాదు. నా నోరు తప్పైనందుకు నాకేం సిగ్గులేదు, ఎందుకంటే నేను దాన్ని డబ్బా మీద అచ్చు వేయించలేదు. ఆయన వేయించబోయాడు. అప్పుడు ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. తేడా ఏమిటంటే నువ్వు తెలీదని రాస్తే నేను ఒప్పుకున్నాను.

మంచి మందు తయారుచేసి, దానికి లేని గొప్ప అంటించాలనుకున్నారు. బంగారంలాంటి పిల్లకి దొంగ సర్టిఫికెట్టు కొన్నట్టు. అది అవమానం ఎవరికి? ఆ మాత్ర తయారుచేసినవాళ్లకి. వాళ్లు వచ్చి నాకు థాంక్స్ చెప్పాలి. చెప్పరు. వద్దు.

ఉద్యోగం సంగతి. ఇక్కడ బండిలో ఊళ్లు తిరుగుతూ రక్తం తీస్తున్నాను. చేరేటప్పుడు పాత చోట ఎందుకు మానేశావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక్కడి పెద్దాయన "మా దగ్గర కూడా అలాగే మాట్లాడతావా?" అన్నాడు. "మీ దగ్గర కూడా అలాగే చేస్తే" అన్నాను. మర్నాడే రమ్మన్నాడు. ఇన్‌ఛార్జి ఫోన్ చేసింది. క్షమాపణలేమీ లేవు, నేనూ అడగలేదు. "కొత్తమ్మాయికి నరం దొరకట్లేదు, ఎలా నేర్పాలి?" అంది. అరగంట చెప్పాను.

వదిన సంగతి అసలైనది. సమానం అన్నావు కదా. అయితే ఆవిడకి స్పష్టంగా చెప్పు. మెరుపు కనపడగానే మాత్ర, వచ్చే స్టాపులో బండి పక్కకి, పాతదానికి ఎంతసేపు ఆగేదో దీనికీ అంతసేపు. ఒక్క స్టాపు కూడా ఎక్కువ లాగొద్దు. ఎవరు చెప్పారని అడుగుతుంది, అడక్కుండా ఉండదు. నీ పేరే చెప్పు. ఈసారి చెప్పుకోవచ్చు.

నీ చెల్లి